లైనక్స్ స్వయంబోధిని – 7వ పాఠం: ఒక సిస్టమ్‌లోని సాఫ్ట్‌వేర్‌ను ఇంకోదానిలో వేయడం

గత పాఠంలో రిపాజిటరీలు కలపడం చూశాం. ఇక పాత సిస్టమ్‌లో వేసుకున్నవాటి జాబితా తీసి, కొత్తదానిలో వేసే పని. గుంటూరు బ్రాడీపేటలో ఒక డీటీపీ సెంటర్ అనుకోండి. పాత సిస్టమ్‌లో ఉబుంటు 22.04, ఇంక్‌స్కేప్, స్క్రైబస్, తెలుగు ఫాంట్లు అన్నీ కుదిరి ఉన్నాయి. పక్కన 24.04తో కొత్తది వచ్చింది.

చాలామంది ముందుగా, వేసి ఉన్న ప్యాకేజీలన్నీ చూపే డీపీకేజీ --గెట్-సెలెక్షన్స్ వాడతారు. ఇక్కడ అది వద్దు. మీరు అడిగి వేసుకున్నదేదో, దాని వెంట వచ్చిన లైబ్రరీ (అది నడవడానికి కావలసిన తోడు ప్యాకేజీ) ఏదో అందులో తేడా తెలియదు. పైగా 22.04లోని లిబ్‌ఎస్ఎస్ఎల్3, 24.04లో లిబ్‌ఎస్ఎస్ఎల్3టీ64 అయింది. పాత పేర్లు మోసుకెళ్తే తంటాలే. అడిగినవాటి పేర్లు మాత్రం ఇవ్వండి, లైబ్రరీల సంగతి ఆప్ట్ (ప్యాకేజీలు తెచ్చి వేసే పనిముట్టు) చూసుకుంటుంది.

పాత సిస్టమ్‌లో:

ఆప్ట్-మార్క్ షోమాన్యువల్ > కోరినవి

ఈ ఫైల్ తెరిచి లైనక్స్-, గ్రబ్-, ఎన్‌విడియా- అని మొదలయ్యే వరుసలు తీసేయండి. ఇది మరవకూడదు. అవి ఆ హార్డ్‌వేర్‌కు చెందినవి. గ్రబ్ అంటే సిస్టమ్‌ను బూట్ చేసే ప్రోగ్రామ్; బయాస్, యూఈఎఫ్ఐ అనేవి సిస్టమ్ మొదలయ్యే రెండు పద్ధతులు. పాతది బయాస్, కొత్తది యూఈఎఫ్ఐ అయితే గ్రబ్-పీసీ వచ్చి గ్రబ్-ఈఎఫ్ఐని తోసేస్తుంది. ఆ తర్వాత సిస్టమ్ బూట్ కాకపోవచ్చు.

ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లో తెచ్చి, కొత్త సిస్టమ్‌లో:

సుడో ఆప్ట్ అప్‌డేట్
సార్ట్ కోరినవి > కోరినవి2
ఆప్ట్-క్యాష్ పీకేజీనేమ్స్ | సార్ట్ > దొరికేవి
కామ్ -12 కోరినవి2 దొరికేవి > వేసేవి
ఎక్స్‌ఆర్గ్స్ -ఏ వేసేవి సుడో ఆప్ట్-గెట్ ఇన్‌స్టాల్

జాబితాలో ఒక్క పేరు దొరక్కపోయినా ఆప్ట్ మొత్తం పని ఆపేస్తుంది, అందుకే కామ్‌తో (రెండు ఫైళ్లను పోల్చే ఆదేశం) వడపోత. రెండు ఫైళ్లనూ ఇక్కడే సార్ట్ చేయాలి. రెండు సిస్టమ్‌ల లొకేల్ (భాష, ప్రాంతం సెట్టింగ్) వేరైతే వరుస మారి కామ్ తప్పు చూపుతుంది. -12 బదులు -23 ఇస్తే దొరకనివి కనిపిస్తాయి. అవి ఎక్కువగా బయటి రిపాజిటరీలవో, పేరు మారినవో అయి ఉంటాయి. ఫైల్‌లోని పేర్లను ఆప్ట్‌కు అందించే ఎక్స్‌ఆర్గ్స్‌కు పైప్ (| గుర్తు) ద్వారా ఇవ్వకండి: అవునా కాదా అని ఆప్ట్ అడిగే ప్రశ్నకు కీబోర్డ్ అందదు, పని రద్దవుతుంది. ఆ ప్రశ్న దగ్గర తొలగించబోయేవాటి పేర్లు తప్పక చదవండి.

మధ్యలో కరెంటు పోతే, వచ్చాక సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ, ఆపైన సుడో ఆప్ట్-గెట్ -ఎఫ్ ఇన్‌స్టాల్ ఇచ్చి, చివరి ఆదేశం మళ్లీ నడపండి.

ఫైర్‌ఫాక్స్ ఉబుంటులో స్నాప్‌గా (ఆప్ట్‌ది కాని మరో రకం ప్యాకేజీగా) వస్తుంది. స్నాప్‌లు ఈ జాబితాలో చేరవు. స్నాప్ లిస్ట్ చూసి విడిగా వేయండి. హోమ్ ఫోల్డర్‌లోని సెట్టింగులు 8వ పాఠంలో.