నల్లరేగడి చేలో పైరు దెబ్బతింటున్నప్పుడు: లక్షణం, కారణం, పరిష్కారం

తెలంగాణలో ఆదిలాబాద్, తాండూరు ప్రాంతాల్లోనూ, ఆంధ్రప్రదేశ్‌లో నంద్యాల, కర్నూలు, ప్రకాశం జిల్లాల్లోనూ మెట్ట సేద్యానికి ఆధారమైన నల్లరేగడికి సారవంతమైన నేలగా మంచి పేరుంది. అయినా చలకల్లో (తేలికపాటి ఎర్ర నేలల్లో) చేసినట్టే ఇక్కడా సేద్యం చేయబోతే అది రైతును తిప్పలు పెడుతుంది. ఈ నేలలో బంకమన్ను సాధారణంగా 40 నుంచి 60 శాతం దాకా ఉంటుంది, అందులో ఎక్కువ భాగం స్మెక్టైట్ జాతి ఖనిజాలే. పుస్తకంలోని పుటల్లా ఒకదానిపై ఒకటి పేరుకున్న ఆ ఖనిజపు పొరల మధ్యకు నీరు చేరితే నేల ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోయి నెర్రెలు బారుతుంది. కింద చెప్పిన సమస్యల్లో చాలావాటికి మూలం ఇదే. అందుచేత ఆకు రంగు మారగానే మందుల దుకాణానికి వెళ్లకుండా, ముందు పార తీసుకుని చేలో రెండు మూడు చోట్ల అడుగున్నర లోతు గొయ్యి తీసి చూడాలి. నేల అడుగున ఎంత తేమ ఉంది, వేరు ఎలా ఉంది అన్నది తెలియకుండా వేసే ఎరువు, కొట్టే మందు చాలాసార్లు వృథా అవుతాయి.

వాన వెలిసిన నాలుగైదు రోజులకు చేను పసుపు పచ్చబడి, ఎదుగుదల నిలిచిపోవడం

పత్తి, కంది, మొక్కజొన్న చేలల్లో ఇది తరచుగా కనిపిస్తుంది, చాలామంది దీన్ని నత్రజని లోపంగా భావించి వెంటనే యూరియా చల్లుతారు. నిజానికి మొదటి లోపం గాలిది. ఎండిన రేగడి నెర్రెల ద్వారా తొలి వానను వేగంగా మింగుతుంది. ఒకసారి ఉబ్బి నెర్రెలు మూసుకున్నాక నీరు గంటకు కొద్ది మిల్లీమీటర్లకు మించి లోపలికి దిగదు. రంధ్రాలన్నీ నీటితో నిండిపోయి వేర్లకు ఆక్సిజన్ అందదు, నేలలో ఉన్న నైట్రేటు నత్రజని కూడా వాయురూపంలో ఎగిరిపోతుంది. గొయ్యి తీసి పట్టుకుంటే మన్ను వేళ్లకు జిగురుగా అంటుకుని, మురుగు వాసన వేస్తూ, పిల్లవేర్లు గోధుమ రంగుకు తిరిగి, లాగితే పైతోలు ఊడివస్తుంటే కారణం ఇదేనని నిర్ధారించుకోవచ్చు. అటువంటి చేలో యూరియా చల్లడం వల్ల నష్టమే తప్ప లాభం లేదు.

ముందుగా చేయవలసింది వాలు చూసి గండ్లు కొట్టి నిలిచిన నీటిని బయటికి పంపడం. వేర్లు కోలుకునే దాకా పోషకాలను ఆకుల ద్వారా అందించాలి: లీటరు నీటికి 20 గ్రాముల యూరియా గాని, 10 గ్రాముల 13-0-45 (పొటాషియం నైట్రేటు) ఎరువు గాని కలిపి వారం పది రోజుల వ్యవధిలో రెండుసార్లు పిచికారీ చేస్తే సరిపోతుంది. నేల పదునుకు (దున్నడానికి అనువైన తేమకు) రాగానే గుంటక (పై మన్నును కదిలించే పనిముట్టు) తోలి పై పొరను గుల్ల చేసిన తర్వాతే పైపాటుగా నత్రజని వేయాలి.

పత్తిలో ఇదే కారణం మరింత ప్రమాదకరమైన రూపంలో కనిపిస్తుంది. కొన్ని రోజుల బెట్ట తర్వాత భారీ వాన కురిస్తే, పూత, కాయలతో ఉన్న మొక్కలు ఒకటి రెండు రోజుల్లోనే ఉన్నట్టుండి వాలిపోతాయి. కాండాన్ని నిలువుగా చీల్చి చూసినా లోపల గోధుమ రంగు చారలు లేకపోతే అది తెగులు కాదు, ఆకస్మిక వడలు. 10 లీటర్ల నీటికి 25 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్, 200 గ్రాముల యూరియా కలిపి వడలిన మొక్కల మొదళ్లలో పోయాలి. లక్షణం కనిపించిన రోజునే పోస్తే ఫలితం ఉంటుంది; నాలుగు రోజులు ఆలస్యమైతే మొక్క తిరిగి లేవడం కష్టం.

ఏటేటా ఇదే ఇబ్బంది ఎదురవుతున్న చేలకు శాశ్వత పరిష్కారం భూమిని మలచుకోవడంలోనే ఉంది. 1972లో పటాన్‌చెరులో ఏర్పడిన అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ సరిగ్గా ఇటువంటి నేలల కోసమే వెడల్పాటి ఎత్తు మడులు, కాలువల పద్ధతిని రూపొందించింది. ప్రతి 1.5 మీటర్ల వెడల్పులో సుమారు 1 మీటరు వెడల్పును ఎత్తు మడిగా, మిగిలినదాన్ని కాలువగా తీస్తారు. 100 మీటర్ల పొడవుకు 40 నుంచి 80 సెంటీమీటర్ల వాలు ఉండేలా కాలువలను నడిపి, చివర గడ్డి పెంచిన పెద్ద కాలువలో కలుపుతారు. 1976 నుంచి అక్కడ కొనసాగిన దీర్ఘకాలిక ప్రయోగంలో, ఈ మడులతో పాటు మేలైన వంగడాలు, సమతుల ఎరువులు, అంతర పంటలు పాటించిన భూమి హెక్టారుకు సగటున 5 టన్నుల దాకా గింజ ఇవ్వగా, పాత పద్ధతిలో సాగైన పక్క భూమి ఇంచుమించు 1 టన్ను దగ్గరే ఉండిపోయింది. ఈ ఫలితానికి ఇప్పటికీ మన పల్లెల్లో రావలసినంత ప్రచారం రాలేదన్నది బాధాకరమైన విషయం.

దున్నితే పెద్ద పెద్ద గడ్డలు లేవడం, విత్తనం సరిగా మొలవకపోవడం

దీనికి కారణం అదను తప్పిన దుక్కి. తడి ఎక్కువగా ఉండగా దున్నితే మన్ను నాగలికి అంటుకుని, ముద్దలుగా తిరగబడి, ఆరాక రాళ్లలా గట్టిపడుతుంది. మరీ ఎండాక దున్నితే పెద్ద పెళ్లలుగా పగులుతుంది. ఈ రెంటికీ మధ్య పదును ఉండే రోజులు చాలా తక్కువ. నాగలి దిగే లోతు నుంచి పిడికెడు మన్ను తీసి అరచేతుల మధ్య నులమండి: పెన్సిలంత లావు కడ్డీగా సాగితే ఇంకా ఆగాలి, సాగకుండా పొడిపొడిగా విరిగితే అదే పదును.

ఇప్పటికే లేచిన గడ్డలను రోటవేటర్‌తో పదేపదే కొట్టించడం మంచిది కాదు. పైన పిండిలా కనిపించినా కింద గట్టి పొర ఏర్పడుతుంది. వేసవిలో వాటిని అలాగే వదిలేస్తే ఒకటి రెండు జల్లులకు తడిసి ఆరి వాటంతట అవే చిట్లుతాయి, ఆ తర్వాత గుంటక ఒక్కసారి తోలితే చాలు. పంట కోసిన వెంటనే, నేలలో కొంత తేమ ఉండగానే దున్నుకోవడం ఇంకా మేలు. తొలకరి తర్వాత చేలోకి అడుగు పెట్టే వీలుండదు కాబట్టి, తొలకరి నమ్మకంగా పడే చోట్ల వానకు ముందే పొడి దుక్కిలో విత్తుకోవచ్చు. వానలు నిలకడగా పడని రాయలసీమ మెట్టల్లో మాత్రం ఈ సాహసం చేయకపోవడమే మంచిది.

శనగ, జొన్న గింజ కట్టే దశలో నెర్రెలు బారి పైరు వాడడం

వానాకాలంలో దాచుకున్న తేమతోనే పండే రబీ పైర్లకు నెర్రె రెండు విధాల చేటు: వేర్లను తెంపుతుంది, లోపలి పొరల తేమను కూడా గాలికి అప్పగిస్తుంది. సన్నని బీటలు కనిపించినప్పుడే గుంటకతో గాని దంతితో గాని రెండు అంగుళాల లోతు అంతరకృషి చేస్తే, పొడిమన్ను బీటల్లోకి జారి వాటిని పూడ్చి తేమను కాపాడుతుంది. నెర్రెలు పెద్దవయ్యాక నీరు పారిస్తే నీరంతా వాటిలోకే దిగిపోతుంది. సదుపాయం ఉన్నవారు తుంపర్లతో ఒక తేలికపాటి తడి ఇవ్వడం మంచిది. వేసవిలో ఖాళీ చేలో పడే నెర్రెల గురించి మాత్రం దిగులు అక్కర్లేదు, తొలి వానను లోతుకు చేర్చేది అవే.

లేత ఆకులు తెల్లబారి, ఈనెలు మాత్రం పచ్చగా ఉండడం

ఇది ఇనుప ధాతు లోపం. నేలలో ఇనుము ఉన్నా, సున్నం ఎక్కువైనందువల్ల మొక్కకు అందదు. గొయ్యిలో తెల్లని సున్నపు గులకలు కనిపిస్తే అనుమానం బలపడుతుంది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేటు), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారం వ్యవధితో రెండుసార్లు పిచికారీ చేయాలి. మొక్కజొన్నలో లేత ఆకు నడిమి ఈనెకు రెండు పక్కలా తెల్లని పట్టీలు కనిపిస్తే జింకు లోపం; అప్పుడు లీటరుకు 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి కొట్టాలి. దుక్కిలో వేసేటప్పుడు జింకు సల్ఫేటును భాస్వరపు ఎరువులతో కలపకూడదు.

బోరు నీటితో కొన్నేళ్లు సాగు చేశాక నేల బిగుసుకుపోయి, నీరు ఇంకకపోవడం

బోరు నీటిలోని సోడియం, బైకార్బొనేట్లు బంకమన్ను రేణువులను విడదీసి రంధ్రాలను మూసేయడమే ఇందుకు కారణం. గాజు గ్లాసులో వాన నీరు పోసి, ఎండిన మట్టిగడ్డను మెల్లగా అందులో వదిలి, కదిలించకుండా కొన్ని గంటలు ఉంచండి. గడ్డ చితికి అడుగున పడినా నీరు తేటగా ఉంటే భయం లేదు. గడ్డ చుట్టూ పాలలాంటి మడ్డి కమ్ముకుంటే కారుచౌడు (సోడియం పేరుకుని నేల చెడడం) మొదలైనట్టే. మట్టి పరీక్షలో తేలిన మోతాదులోనే జిప్సం వేసి, పై పొరలో కలిపి, మంచి నీటితో ముంచి, ఆ నీటిని మురుగు కాలువ ద్వారా బయటికి పంపాలి. కాలువ లేకుండా వేసిన జిప్సం ఫలితం నిలవదు. నేల మీద తెల్లని ఉప్పు పేరుకునే పాలచౌడు వేరు, దానికి జిప్సం అవసరం లేదు, ఉప్పును మంచి నీటితో కడిగి తీసేయడమే మార్గం.

మోటారు గది గోడలు మూలల నుంచి ఏటవాలుగా పగలడం

వేసవిలో విచ్చుకుని, వానల్లో దగ్గరయ్యే పగులు పునాది కింది రేగడి కదలికకు గుర్తు. సిమెంటు పూత దాన్ని ఆపదు. గోడ చుట్టూ మీటరు వెడల్పున వాలుగా గచ్చు చేయించి, కప్పు నీటిని గొట్టంతో దూరంగా వదిలి, గోడ పక్కనున్న పెద్ద చెట్ల వేర్లను గమనించుకుంటే పగులు పెరగడం తగ్గుతుంది. కొత్తగా కట్టేవారు అడుగున ఉబ్బెత్తుగా ఉండే అండర్ రీమ్డ్ పైల్ పునాదులను, నేల తేమ మారని లోతు దాకా దింపించుకోవాలి.