రెండు దూర నగరాల మధ్య విమాన దూరం, ప్రయాణ సమయం లెక్కకట్టడం ఎలా?

గోడ మీది మ్యాపుపై స్కేలు పెట్టి కొలిస్తే విమాన దూరం రాదు. భూమి గుండ్రం కదా! న్యూయార్క్ నుంచి టోక్యోకు దగ్గరి దారి పసిఫిక్ నడిమధ్య నుంచి కాదు, అలాస్కా మీదుగా. గ్లోబు మీద దారం బిగించి చూస్తే తెలిసిపోతుంది. మనం కట్టాల్సింది ఆ దారం లెక్కే.

1. ఊరివి కాకుండా విమానాశ్రయాల అక్షాంశ, రేఖాంశాలు రాసుకోండి. ఉత్తరం, తూర్పు ధనం. దక్షిణం, పడమర రుణం. న్యూయార్క్ కెనడీ 40.64, −73.78. టోక్యో నరిటా 35.77, 140.39.

2. కాల్‌క్యులేటర్ డిగ్రీల మోడ్‌లో ఉందా? సైన్ (sin) 30 కొడితే 0.5 రావాలి. రాకపోతే ముందు మోడ్ మార్చండి.

3. రెండు అక్షాంశాల సైన్ విలువలను గుణించండి: 0.3807. వాటి కాస్ (cos) విలువలను గుణించి, దాన్ని మళ్లీ రేఖాంశాల తేడా కాస్‌తో గుణించండి: −0.5094. రెండూ కలిపితే −0.1287. దీనికి కాస్ ఇన్వర్స్ (cos⁻¹ మీట) 97.4 డిగ్రీలు. భూమి మీద డిగ్రీకి 111.19 కి.మీ. చొప్పున దాదాపు 10,830 కి.మీ.

ఎక్కువమంది తప్పేది రుణ గుర్తు దగ్గరే. రేఖాంశాల తేడా 214.17. గుర్తు మరిచి 66.61 వేస్తే దూరం 5,700 కి.మీ.కి పడిపోతుంది.

4. దూరాన్ని విమానం మామూలు వేగం, గంటకు 900 కి.మీ.తో భాగించండి: 12 గంటలు. విమానం నేల మీద రన్‌వే దాకా వెళ్లడం, పైకెక్కడం, దిగడం కలిపి మరో 30–40 నిమిషాలు వేసుకోండి.

5. ఇప్పుడు గాలి. 9–12 కి.మీ. ఎత్తున జెట్ స్ట్రీమ్ అనే వేగమైన గాలి ప్రవాహం పడమర నుంచి తూర్పుకు వీస్తుంది, చలికాలంలో మరీ బలంగా. గంటకు 100 కి.మీ. ఎదురుగాలి ఉంటే నేల మీద లెక్కకు వేగం 800 మాత్రమే. పడమర వైపు వెళ్లే ఈ ప్రయాణం 14 గంటలకు చేరుతుంది. తిరుగులో గాలి తోడవుతుంది కాబట్టి మహా అయితే 13. ఏదైనా దేశం గగనతలం మూసుకుపోయినా దారి పొడవవుతుంది: 2022లో రష్యా మీదుగా వెళ్లే వీలు పోయాక లండన్–టోక్యో విమానాలకు సుమారు రెండు గంటలు పెరిగాయి. మధ్యలో మారాల్సి వస్తే ఒక్కో అంచె విడిగా లెక్కించి, నిరీక్షణ కలపండి.

6. టికెట్ మీదివి స్థానిక సమయాలు. వాటిని తీసివేస్తే ప్రయాణ సమయం రాదు. రెంటినీ యూటీసీకి (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయానికి) మార్చాకే తీసివేయాలి. జనవరిలో న్యూయార్క్ యూటీసీకి 5 గంటలు వెనక, టోక్యో 9 గంటలు ముందు. న్యూయార్క్‌లో ఉదయం 11కు ఎక్కితే అప్పుడు యూటీసీ 16:00. 14 గంటల తర్వాత 06:00, అంటే టోక్యోలో మర్నాడు మధ్యాహ్నం 3. తిరుగులో టోక్యోలో ఉదయం 11కు బయల్దేరి 13 గంటలు ఎగిరినా, న్యూయార్క్‌లో దిగేది అదే రోజు ఉదయం 10కి! మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా న్యూయార్క్ గడియారం గంట ముందుకు జరుగుతుంది, టోక్యోది కదలదు. అప్పుడు తేడా 14 కాదు, 13.