అక్వేరియంలో నీళ్లు సరిగ్గా కదలడం లేదా? మోటారు మార్చే ముందు ఇవి చూడండి

ట్యాంకులో ఏ తేడా వచ్చినా ఇంకో పెద్ద మోటారు కొనేయడం చాలామందికి అలవాటు. కానీ ఎక్కువసార్లు తప్పు మోటారు బలంలో ఉండదు, నీళ్లు ఎటు కొడుతున్నాయన్న దగ్గర ఉంటుంది. ఏది సరిచేయాలన్నా ముందు ప్లగ్గు పీకి, ఆ తర్వాతే నీళ్లలో చెయ్యి పెట్టండి.

తెల్లారేసరికి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి

గాలిలోని ఆక్సిజన్ నీళ్లలో కలిసేది పైపొర దగ్గరే. ఆ పొర కదలకపోయినా, దాని మీద జిడ్డు తెట్టు కట్టినా చేపలకు ఊపిరి అందదు. రాత్రి లైటు ఆపాక మొక్కలు కూడా ఆక్సిజన్ వాడుకుంటాయి, అందుకే తెల్లవారుజామున ఇబ్బంది ఎక్కువ. ఎండాకాలం మరీ కష్టం: 20 డిగ్రీల నీళ్లు లీటరుకు దాదాపు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటాయి, 30 డిగ్రీల దగ్గర అది ఏడున్నరకు పడిపోతుంది. మన వైపు మే నెలలో ట్యాంకు 30 దాటడం మామూలే.

ఫిల్టర్ మూతిని, అంటే నీళ్లు బయటికొచ్చే చోటును, కాస్త పైకి తిప్పండి. పైన సన్నటి అలలు కనబడితే చాలు, నీళ్లు చిమ్మక్కర్లేదు. తెట్టు ఉంటే టిష్యూ పేపరు పరిచి ఎత్తేయండి. ఎయిర్ పంపు బుడగల మేలు కూడా చాలావరకు పైపొరను కదిలించడంలోనే ఉంది, కాబట్టి అదీ పనికొస్తుంది. ఇంత చేసినా చేపలు దిగకపోతే చేపల వ్యర్థాల వల్ల పుట్టే అమ్మోనియాను అనుమానించి, పావు వంతు నీళ్లు మార్చండి. ఫైటర్ చేప అప్పుడప్పుడూ పైకొచ్చి గాలి మింగడం మాత్రం దాని సహజ గుణం, టెన్షన్ వద్దు.

మొదట్లో బాగా కొట్టేది, ఇప్పుడు సన్నగా వస్తోంది

ఫిల్టర్‌లోని స్పాంజి మూసుకుపోయింది. ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండండి. కుళాయి నీళ్లలోని క్లోరిన్ మంచి బ్యాక్టీరియాను చంపేస్తుంది. అయినా మారకపోతే ఇంపెల్లర్ (మోటారులో తిరుగుతూ నీళ్లను తోసే చిన్న రెక్కల చక్రం) బయటికి తీసి, పాత టూత్ బ్రష్‌తో జిగురు, నాచు రుద్దేయండి. గరగరమని శబ్దం వస్తుంటే లోపల గాలి చిక్కుకుందేమో మోటారును అటూ ఇటూ వంచి చూడండి. ఇరుసు అరిగితే ఇంపెల్లర్ ఒక్కటి మారిస్తే సరిపోతుంది.

ఒక మూల చెత్త పేరుకుంటోంది

రాళ్లు అద్దానికి ఆనుకుని ఉంటే వెనక నీళ్లు తిరగవు. కాస్త ఖాళీ వదలండి. మూతిని పొడవు గోడ వెంట తిప్పితే నీళ్లు ట్యాంకు చుట్టూ తిరిగి ఫిల్టర్ దగ్గరికే వస్తాయి.

చేపలు కొట్టుకుపోతున్నాయి

ఫైటర్, పొడవు తోక గోల్డ్ ఫిష్ ప్రవాహానికి ఎదురీదలేవు. మూతిని అద్దం వైపు తిప్పండి. గప్పీ పిల్లలుంటే నీళ్లు లాగే చోట స్పాంజి తొడగండి.

వేవ్ మేకర్ పెట్టినా అల లేవడం లేదు

వేవ్ మేకర్ అంటే ట్యాంకు లోపల పెట్టి నీళ్లను తోసే పంపు. ఆగకుండా తిరిగే పంపు ప్రవాహాన్నిస్తుంది, అలను కాదు. అల కావాలంటే కంట్రోలర్ ఉన్న పంపు ఆగి ఆగి తోయాలి, అదీ నీళ్ల లయకు సరిపోయేలా. ఉయ్యాలను సరైన క్షణంలో తోసినట్టే. మూడడుగుల ట్యాంకులో నీళ్లు అటు వెళ్లి ఇటు రావడానికి ఇంచుమించు ఒక సెకను పడుతుంది. కాబట్టి అర సెకను ఆన్, అర సెకను ఆఫ్‌తో మొదలుపెట్టి కొంచెం కొంచెంగా మార్చండి. లయ కుదిరిన చోట చిన్న పంపు కూడా ట్యాంకంతటినీ ఊపేస్తుంది. పొడవు పెరిగేకొద్దీ లయ నెమ్మదిస్తుంది.

అల పెద్దదైతే అద్దాల అతుకుల మీద, స్టాండు మీద భారం పడుతుంది. అంచు దాకా వస్తుంటే వెంటనే తగ్గించండి. నిజానికి ఈ ఊపు పగడాలు పెంచే ఉప్పునీటి ట్యాంకులకు కావాలి. గప్పీలకు, ఏంజెల్ చేపలకు ఇది దండగ ఖర్చు.

కరెంటు పోతే నేలంతా నీళ్లు

ఎయిర్ పంపు నీటిమట్టం కన్నా కింద ఉంటే, అది ఆగగానే నీళ్లు పైపులోంచి వెనక్కి దిగుతాయి. పంపును పైన పెట్టండి, లేదా పైపు మధ్యలో నాన్ రిటర్న్ వాల్వ్ (ఒకవైపే వదిలి, వెనక్కి రానివ్వని చిన్న వాల్వ్) వేయండి. బిగించే ముందు నోటితో ఊది చూడండి: గాలి పంపు వైపు నుంచి ట్యాంకు వైపే పోవాలి.