రాత్రి ముహూర్తంలో ఫోకస్ తడబడుతోందా? కెమెరా బాడీ మార్చేముందు ఇవి చూడండి

లెన్స్ ముందుకూ వెనక్కూ తిరుగుతోంది, ఫోకస్ పట్టడం లేదు

స్టేజీ అంతా వెలుగే. అడ్డుతెర వెనక తలవంచుకుని కూర్చున్న పెళ్లికూతురి ముఖం మీద మాత్రం ఉండదు. జీలకర్ర బెల్లం పెట్టే ఆ కాసేపట్లో ఫోకస్ చేయిచ్చిందంటే, మర్నాడే ‘మిర్రర్‌లెస్ బాడీ మార్చేద్దాం’ అన్న మాట వస్తుంది. విజయవాడ బీసెంట్ రోడ్డుకో గుంటూరు బ్రాడీపేటకో బయల్దేరేముందు చిన్న లెక్క వేయండి.

కెనాన్ ఆర్6 మార్క్ 2 మైనస్ 6.5 ఈవీ (వెలుగు కొలత, మైనస్ పెరిగేకొద్దీ చీకటి) దాకా ఫోకస్ చేస్తుందని, సోనీ ఏ7 మార్క్ 4 మైనస్ 4 దాకా చేస్తుందని కంపెనీలే చెబుతాయి. చూడ్డానికి రెండున్నర స్టాపుల తేడా (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు). కానీ మొదటిది ఎఫ్ 1.2 లెన్స్‌తో, మధ్య పాయింట్ మీద కొలిచింది. రెండోది ఎఫ్ 2తో. ఆ రెండు ఎపర్చర్ల (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం, ఎఫ్ అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది) మధ్యే దాదాపు ఒకటిన్నర స్టాపు పోయింది, బాడీల తేడాగా మిగిలింది సుమారు ఒక్క స్టాపు. ఆ కెనాన్‌కి ఎఫ్ 4 జూమ్ తగిలిస్తే మైనస్ 3 దగ్గరికొచ్చి ఆగుతుంది. సోనీకి 50 ఎంఎం ఎఫ్ 1.8 పెడితే అంతకన్నా చీకట్లోనూ పని జరుగుతుంది. అందుకే డబ్బు ముందు లెన్స్ మీద పెట్టమనేది.

మంచి లెన్స్ ఉన్నా తడబడుతోందంటే ఎపర్చర్ చూడండి. నికాన్ జెడ్ బాడీలు ఎఫ్ 5.6 దాకా మీరు పెట్టిన ఎపర్చర్‌లోనే ఫోకస్ చేస్తాయి. గ్రూప్ ఫొటో కోసం 5.6 పెట్టి అలాగే వదిలేస్తే, ఎఫ్ 1.8 లెన్స్ కొన్నా మూడు స్టాపులకు పైగా వెలుగు వృథా. తంతు మొదలవగానే 2 కో 2.8 కో దించండి. సోనీ ఏ7 మార్క్ 4లో ‘ఎపర్చర్ డ్రైవ్ ఇన్ ఏఎఫ్’ (ఏఎఫ్ అంటే ఆటోఫోకస్) ఆప్షన్‌ని ‘ఫోకస్ ప్రయారిటీ’లో పెట్టండి. ఫ్లాష్ వాడుతుంటే లైవ్ వ్యూలో ‘సెట్టింగ్ ఎఫెక్ట్’ ఆఫ్ చేయండి, ఫైండర్ చీకటి కాకుండా ఉంటుంది.

ఇంకో కారణం చాలామందికి తట్టదు. ఎక్కువ బాడీల్లో ఫోకస్ కనిపెట్టే ఫేజ్ డిటెక్ట్ పిక్సెళ్లకు నిలువు గీతలు బాగా కనిపిస్తాయి, అడ్డగీతలు కనిపించవు. పట్టుచీర అంచు అడ్డంగా పరుచుకున్నచోట పాయింట్ పెట్టి ఎంత నొక్కినా లాభం లేదు. కెమెరాను కాస్త వాల్చి షట్టర్ బటన్ సగం నొక్కండి, పట్టేస్తుంది. పూలు, తెర అడ్డొచ్చి ఐ ఏఎఫ్ (కంటిని వెతికి పట్టే ఆటోఫోకస్) కన్ను వదిలేస్తుంటే చిన్న స్పాట్‌ని బాసికం అంచు మీద పెట్టండి. 50 ఎంఎం, ఎఫ్ 1.8, రెండు మీటర్ల దూరంలో స్పష్టంగా వచ్చే లోతు సుమారు 17 సెంటీమీటర్లు, కళ్లు అందులోనే ఉంటాయి. 85 ఎంఎం అయితే అది 6కి పడిపోతుంది, అక్కడ జాగ్రత్త.

ఏఎఫ్ లాంప్ (ఫోకస్ కోసం కెమెరా ముందు వెలిగే దీపం) మీద ఆశ పెట్టుకోకండి. సోనీలోనూ నికాన్‌లోనూ ఏఎఫ్-సీ (కదిలేదాన్ని వెంటాడుతూ ఫోకస్ చేసే) మోడ్‌లో అది వెలగనే వెలగదు. వెలిగినా మూడు మీటర్లు దాటితే పెద్దగా పనికిరాదు, పైగా వీడియో వాళ్ల ఫుటేజీలో పెళ్లికూతురి ముఖం మీద రంగు మచ్చ పడుతుంది.

తలంబ్రాల ఫొటోలు సాఫ్ట్‌గా వస్తున్నాయి

నికాన్ జెడ్ బాడీల్లో ఏఎఫ్-సీ ప్రయారిటీ ‘రిలీజ్’గా వస్తుంది. అంటే ఫోకస్ కుదిరినా కుదరకపోయినా షట్టర్ కొట్టేస్తుంది. ‘ఫోకస్’కి మార్చండి. సోనీలో ‘బ్యాలన్స్‌డ్’ నుంచి ‘ఏఎఫ్’కి. వరసగా ఫొటోలు తీసే (బర్స్ట్) వేగం తగ్గుతుంది, తగ్గనివ్వండి.

ఎగిరే బియ్యం గింజల మీదికి ఫోకస్ దూకుతుంటే అది వేరే జబ్బు. ట్రాకింగ్ సెన్సిటివిటీని సోనీలో 1కి, కెనాన్‌లో కేస్ 2కి, నికాన్‌లో లాక్-ఆన్ 5కి పెడితే అడ్డొచ్చిన గింజలను పట్టించుకోదు.

ఫొటోలో అడ్డచారలు

మన కరెంటు 50 హెర్ట్జ్, లైటు సెకనుకు 100 సార్లు మిణుకుతుంది. సైలెంట్ షట్టర్ ఆపి మెకానికల్ పెట్టండి, వేగం 1/100 ఉంచండి. కానీ 1/100లో తలంబ్రాలు ఆగవు, అక్కడ ఫ్లాష్ వేయాల్సిందే. వెనక ఎల్ఈడీ వాల్ ఉంటే దాని లెక్క వేరు, 100కి లొంగదు. వేరియబుల్ షట్టర్ (వేగాన్ని సన్నసన్నగా మార్చుకునే వీలు) ఉన్న బాడీలో స్క్రీన్ చూస్తూ చారలు పోయేదాకా కొంచెం కొంచెంగా తిప్పండి.

పాత 50 ఎంఎం ఎఫ్ 1.8డీ ఆటోఫోకస్ అవడం లేదు

అవదు. ఎఫ్‌టీజెడ్ (పాత నికాన్ లెన్స్‌ని జెడ్ బాడీకి తగిలించే) అడాప్టర్‌లో ఏఎఫ్-డీ లెన్స్‌ని తిప్పే మోటారు లేదు. మాన్యువల్‌గా వాడుకోవాలి.

రెండు గంటలకే మణికట్టు లాగేస్తోంది

బ్యాటరీ, కార్డుతో కలిపి ఏ7 మార్క్ 4 బరువు 658 గ్రాములు, ఆర్6 మార్క్ 2 670, జెడ్6 మార్క్ 2 705. ఈ తేడాలు చేతికి తెలియవు. తెలిసేది లెన్స్: 24-70 ఎఫ్ 2.8లో సోనీ జీఎం 2 695 గ్రాములైతే కెనాన్ ఆర్ఎఫ్ 900. షాపులో ఖాళీ బాడీ పట్టుకుని చూస్తే లాభం లేదు. మీ లెన్సే తగిలించి, పది నిమిషాలు కంటి దగ్గర ఎత్తి పట్టుకోండి. చిటికెన వేలు కింద జారుతోందా, వేళ్ల కణుపులు లెన్స్‌కి రాసుకుంటున్నాయా గమనించండి. వేలు జారడానికి ఎల్-బ్రాకెట్ (కెమెరా అడుగున బిగించే ఎల్ ఆకారపు ప్లేటు) మందు, కణుపులు ఒరిసే గ్రిప్‌కి మందు లేదు, ఆ బాడీ వదిలేయండి.

కెమెరా పొట్టకు ఆనించగానే స్క్రీన్ ఆరిపోతోందంటే ఫైండర్ దగ్గరికి కన్ను వచ్చిందని కనిపెట్టే ఐ సెన్సర్ పని. ‘మానిటర్ మాత్రమే’ అన్న ఆప్షన్‌ని ఒక బటన్‌కి ఇచ్చుకోండి.

ఏసీ హాల్లోంచి బయటికి రాగానే ఫోకస్ పోయింది

ఏఎఫ్ బాగానే ఉంది, చల్లబడిన గాజు మీద కృష్ణ ఒడ్డు తేమ పట్టింది. కండువాతో తుడిస్తే మళ్లీ పడుతుంది, గీతలు అదనం. బ్యాగు జిప్ వేసే ఉంచి 20-30 నిమిషాలు ఆగాకే తీయండి. విజయదశమినాడు విజయవాడ దుర్గా ఘాట్ దగ్గర అమ్మవారి తెప్పోత్సవంలో హంసవాహనం (హంస ఆకారపు పడవ) తీయాలంటే ఆ సమయం ముందే లెక్కేసుకుని చేరుకోండి. నీళ్ల మీద చీకట్లో కాకుండా పడవ దీపాల అంచు మీద ఫోకస్ పట్టి, మాన్యువల్‌కి మార్చండి. పడవ దగ్గరయ్యేకొద్దీ మళ్లీ పట్టుకోవాలి.