వానలకు ముందు యాగీని దించినప్పుడు

తిరుపతిలో ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరులో మొదలై డిసెంబరు దాకా సాగుతాయి కనుక, మేడ మీది అమెచ్యూర్ రేడియో యాగీ యాంటెన్నాను (బూము అనే పొడవాటి గొట్టం మీద ఎలిమెంట్లనే అల్యూమినియం గొట్టాలను అడ్డంగా వరుసగా అమర్చినది) దించి చూసుకోవడానికి సెప్టెంబరు అనువైన నెల. పని తెల్లవారగానే మొదలుపెట్టాలి. ఎండ ముదిరితే గొట్టాలను ఒట్టి చేతులతో పట్టుకోలేము. మాస్టు, అంటే యాంటెన్నాను మోసే స్తంభం, ఎటు ఒరిగినా కరెంటు తీగలకు తగలదని ముందుగా నిర్ధారించుకోవాలి, ఉరుము వినిపిస్తే ఆ రోజుకు పని మానుకోవాలి.

గొట్టాలు మసకబారి బూడిద రంగుకు తిరగడం చూసి చాలామంది మొదట వాటిని తోమి మెరిపించే పని పెట్టుకుంటారు. అది వృథా శ్రమ. గాలి తగిలిన వెంటనే అల్యూమినియం మీద పలుచని ఆక్సైడు పొర ఏర్పడుతుంది. ఆ పొరలోంచి కరెంటు పోదు గాని, దాని కిందనున్న లోహంలో రేడియో కరెంటు యథావిధిగా ప్రవహిస్తుంది. 145 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ ప్రవాహం చాలావరకు 7 మైక్రాన్ల లోతులోనే ఉంటుంది. అసలు ఇబ్బంది ఒక గొట్టంలో మరో గొట్టం దూరే అతుకుల దగ్గర వస్తుంది, ఎందుకంటే అక్కడ కరెంటు ఆ పొరను దాటి రెండో ముక్కలోకి పోవాలి. గాలి వీచినప్పుడు రిసీవరులో చిటపటలు వినిపించినా, యాంటెన్నా నుంచి వెనక్కి తిరిగొచ్చే శక్తిని సూచించే ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు ముల్లు నిలకడగా లేకపోయినా అతుకులనే అనుమానించాలి. యాంటెన్నా దించకముందే ఒకరు యాంటెన్నా తీరును కొలిచే అనలైజరు పరికరాన్ని చూస్తుండగా మరొకరు ఎండిన వెదురు కర్రతో ఒక్కో ఎలిమెంటును మెల్లగా తడితే, దోషమున్న అతుకు చాలాసార్లు అక్కడే బయటపడుతుంది.

విప్పే ముందు ప్రతి గొట్టం ఎంత లోపలికి దూరి ఉందో మార్కరుతో గీసి, కొలత కాగితం మీద రాసుకోవాలి. రెండు మీటర్ల బ్యాండులో (తరంగదైర్ఘ్యం సుమారు రెండు మీటర్లు) ఎలిమెంటు పొడవు సుమారు ఒక మీటరే కాబట్టి, ఒక సెంటీమీటరు తేడా వస్తే అనునాదం, అంటే ఎలిమెంటు సహజంగా స్పందించే పౌనఃపున్యం, 1.4 మెగాహెర్ట్జ్ దాకా జరుగుతుంది. మన బ్యాండు మొత్తం 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ వరకే.

అతుకులను పాత్రలు తోమే ఆకుపచ్చ స్క్రబ్బరుతో గాని, సన్నని ఎమరీ పేపరుతో గాని బయటా లోపలా రుద్దాలి. ఇనుప పీచు జోలికి పోకూడదు. ఒక ఏడాది తొందరలో నేను దానితోనే రుద్దాను. దాని తునకలు లోహంలో ఇరుక్కుపోయి, మొదటి వాన తరువాత గొట్టం నిండా గోధుమరంగు చుక్కలు లేచాయి. ఇత్తడి బిందెకు పనికొచ్చే చింతపండు పులుపూ, చాకలి సోడా క్షారమూ అల్యూమినియాన్ని తినేస్తాయి. రుద్దిన తరువాత ఆలస్యం చేయకుండా, అల్యూమినియం కేబుల్ లగ్గులకు (తీగ చివర బిగించే లోహపు కొసలకు) ఎలక్ట్రీషియన్లు వాడే జాయింటింగ్ కాంపౌండును పలుచగా పూసి, ఆ పూత మీదనే మరోసారి స్టెయిన్‌లెస్ స్టీలు బ్రష్‌తో రుద్దితే గాలికి తావు లేకుండా శుభ్రమైన లోహం దొరుకుతుంది. తరువాత కేవలం బిగువుగా అమర్చాలి. అతిగా బిగిస్తే పలుచని గొట్టం నొక్కుకుపోతుంది.

బోల్టులు, వాషర్లు, హోస్ క్లిప్పులు స్టెయిన్‌లెస్ స్టీలువే ఉండాలి. కేబులు రాగి తీగను నేరుగా అల్యూమినియానికి బిగిస్తే, వాన నీరు చేరిన చోట అల్యూమినియమే క్షీణించి తెల్లని పిండి పేరుకుంటుంది. తగరపు పూత వేసిన లగ్గు పెట్టి, మధ్యలో స్టెయిన్‌లెస్ వాషరు ఇవ్వాలి.

ఇక మరమ్మతు. కపిలతీర్థం వైపు కొండను ఆనుకుని ఉన్న ఇళ్ల మీద యాంటెన్నాను వంచేది గాలి కన్నా కోతులే. కొద్దిగా వంగినదాన్ని లోపల సరిపోయే కడ్డీ దూర్చి నిదానంగా నిటారు చేయవచ్చు. ముడత పడినా, పగులు కనిపించినా ఆ భాగాన్ని కోసి, లోపల బిగువుగా పట్టే గొట్టం ముక్కను రెండు వైపులా దూర్చి బిగించాలి. వెల్డింగుకు పోవద్దు, ఎందుకంటే గట్టిపరచిన మిశ్రమలోహం ఆ వేడికి మెత్తబడి పక్కనే మళ్లీ విరుగుతుంది. పగుళ్లు ఎక్కువగా డ్రిల్లు రంధ్రాల అంచున మొదలవుతాయి కనుక, వాటిని భూతద్దంతో చూడటం మేలు. గాలికి ఎలిమెంటు సన్నగా వణికి పాడుకుంటుంటే, గొట్టం లోపల ఒక నైలాన్ తాడు వదిలితే ఆ వణుకు తగ్గుతుంది.

తిరుపతి–చిత్తూరు దారిలో గాదంకి దగ్గర, 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే ఎంఎస్‌టీ రాడార్‌కు (పై వాతావరణాన్ని పరిశీలించే రాడారు) ఒకదానికొకటి అడ్డంగా అమర్చిన 1024 యాగీ జతలు ఉన్నాయి. మనం చూసుకోవలసింది ఒక్కటే కాబట్టి, చివరి మూతలు కూడా వదలకుండా చూడవచ్చు. మూత ఊడిన గొట్టంలో కుమ్మరి పురుగు మట్టి గూడు పెడుతుంది, ఆ మట్టి తేమను నెలల తరబడి పట్టి ఉంచుతుంది. దాన్ని సన్న కడ్డీతో తవ్వి తీసి, కొత్త మూత పెట్టి, బూముకు దిగువ వైపు నీరు పోయే చిన్న రంధ్రం మూసుకుపోలేదని చూడాలి. కేబులు కనెక్టరును దానంతట అదే అతుక్కునే రబ్బరు టేపుతో చుట్టి, కేబులు ఇంట్లోకి దూరే ముందు కిందికి ఒక వంపు వదిలితే, తీగ వెంట జారిన వాన నీరు అక్కడే కారిపోతుంది.