పండక్కి చుట్టాలు దిగేలోపు ఇంట్లో కంప్యూటర్ సంగతి చూస్కోండి

పెద్ద పండగ దగ్గరకొచ్చేసింది కదండీ, ఇంకో వారంలో హైదరాబాద్ నుంచీ బెంగుళూరు నుంచీ మనోళ్ళంతా దిగిపోతారు, భీమవరంలో బండి పెట్టడానికి చోటుండదు, ఇంట్లో ఉన్న ఒక్క కంప్యూటర్ మీద పిల్లలంతా పడతారు. పోయినేడు మా మేనల్లుడు ఫొటోలు వేయించుకున్న పెన్‌డ్రైవ్ తెచ్చి పెట్టాడు, లోపల ఫోల్డర్లకి బదులు అన్నీ షార్ట్‌కట్లే, "ఇదేంటి మావయ్యా తెరుచుకోవట్లేదు" అని దాని మీదే టకటకా నొక్కాడు, ఇంకేముంది, వైరస్ లోపలికి దిగింది, ఆ తర్వాత ఎవరు పెన్‌డ్రైవ్ పెట్టినా వాళ్ళకీ అంటించి పంపింది. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా.

అన్నిటికన్నా ముందు బ్యాకప్. ఫొటోలు, పాస్‌బుక్ స్కాన్లు, చెరువు లెక్కలు, అన్నీ ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసి, డిస్క్ పీకేసి బీరువాలో పెట్టండి. పీకడం మర్చిపోతే చేసిందంతా వేస్ట్, ఎందుకంటే ర్యాన్సమ్‌వేర్ వస్తే తగిలించి ఉన్న డిస్క్‌లో ఫైళ్ళకి కూడా తాళం వేసేసి డబ్బులడుగుతుంది. 2017 మేలో వానాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ అలాగే ప్రపంచమంతా పాకింది. దాన్ని ఆపే అప్‌డేట్ మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చేసింది, తర్వాత చూద్దాంలే అని వదిలేసినోళ్ళు చాలామంది మునిగారు. వరదొచ్చాక గట్టు వేస్తే ఏం లాభం చెప్పండి. విండోస్ 10 వాడేవాళ్ళకి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, మెషీన్ తట్టుకుంటే 11కి మారిపోండి.

యాంటీవైరస్ కొనాలా అని అందరూ అడుగుతారు. విండోస్‌తో వచ్చే డిఫెండర్ ఇంటికి సరిపోతుంది, ఆన్‌లో ఉందో లేదో చూస్కోండి చాలు. అసలు తంటా క్రాక్ గేములతో, అంటే డబ్బు కట్టకుండా దించుకునే దొంగ కాపీలతో. "ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్ ఆపెయ్యండి" అని రాసుంటే వాడేం చెయ్యబోతున్నాడో వాడే చెప్పేస్తున్నాడు కదా, అయినా మన కుర్రాళ్ళు ఆపేస్తారు! అందుకే పిల్లలకి వేరే అకౌంట్ తెరవండి, మెషీన్ సెట్టింగులు మార్చే అడ్మిన్ పవర్ లేకుండా, అడ్మిన్ పాస్‌వర్డ్ కొత్తల్లుడు అడిగినా సరే చెప్పొద్దు, పూతరేకులు ఇంకో రెండు పెట్టండి.

ఫైల్ పేరు చివర ఎక్స్‌టెన్షన్ కనపడేలా సెట్టింగ్ మార్చుకోండి, ఫొటో అని పంపినదాని చివర ఈఎక్స్‌ఈ ఉంటే అది ఫొటో కాదు, నొక్కగానే నడిచే ప్రోగ్రామ్. బ్రౌజర్‌లో ఉన్నట్టుండి కుయ్యోమని మోగి "మీ కంప్యూటర్‌కి వైరస్, ఈ నంబర్‌కి ఫోన్ చెయ్యండి" అంటే చెయ్యకండి, బ్రౌజర్ మూసెయ్యండి. ఎవరో చెప్పారని రిమోట్ యాప్ పెట్టి స్క్రీన్ అప్పగించడమంటే ఇంటి తాళాలు ఇచ్చెయ్యడమే.

ఏదైనా అయ్యిందనిపిస్తే ముందు నెట్ తీసెయ్యండి, పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్‌లోంచి మార్చండి, డబ్బులు పోతే బ్యాంక్‌కీ సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కీ వెంటనే ఫోన్, ఎంత ఆలస్యమైతే అంత కష్టం.

ముక్కనుమ అయ్యి అందరూ బస్సెక్కాక డిఫెండర్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ అని ఉంటది, అది నొక్కండి, మెషీన్ రీస్టార్ట్ అయ్యి విండోస్ లేవకముందే వెతుకుద్ది, తెరిచిన ఫైళ్ళేమైనా ఉంటే సేవ్ చేసుకుని మరీ నొక్కండి.