రంభ దగ్గర రాత్రి లంగరు: ఏం తేడా కొడుతుంది, ఎలా సరిచేసుకోవాలి

బరంపురం, ఇచ్ఛాపురం వైపు నుంచి ఒడిశాలోని చిలికా సరస్సులో, దాని దక్షిణం కొసనున్న రంభ జెట్టీ దగ్గర, ఒక రాత్రి పడవ మీదే గడుపుదామని బయలుదేరేవాళ్లు ఈమధ్య కనిపిస్తున్నారు. కుక్కనీ, స్నార్కెలింగ్ (మాస్క్ పెట్టుకుని నీటి మీద తేలుతూ అడుగు చూడటం) సామాన్నీ కూడా వెంట తెచ్చుకుంటున్నారు. తెల్లారి తిరిగొచ్చి చెప్పే ఫిర్యాదులు రకరకాలుగా ఉన్నా, సగానికి సగం ఒకే చోట మొదలవుతాయి. సాయంత్రం ఐదింటి గాలి చూసి చోటు ఎంచుకుంటారు, పడుకునేది మాత్రం అర్ధరాత్రి గాలిలో.

సాయంత్రం అలే లేదు, రాత్రి రెండింటికి పడవ ఊగిపోతోంది

వాతావరణం నెమ్మదిగా ఉన్న రోజుల్లో పగలు గాలి సముద్రం మీంచి నేల వైపు వస్తుంది. నేల చల్లబడ్డాక అదే గాలి ఎదురు తిరిగి పడమటి గట్టు మీంచి సరస్సులోకి వీస్తుంది. లంగరు మీద ఉన్న పడవ ముక్కు ఎప్పుడూ గాలికి ఎదురుగా ఉంటుంది కాబట్టి, గాలి తిరిగితే పడవా తిరుగుతుంది. తాడు 20 మీటర్లు వదిలితే, సాయంత్రం ఉన్న చోటు నుంచి దాదాపు 40 మీటర్ల అవతలికి వెళ్లిపోతుంది. అక్కడ రాయి ఉండొచ్చు, రొయ్యల ఘేరీ (రొయ్యల కోసం నీళ్లలో కట్టిన దడి) వెదుళ్లు ఉండొచ్చు. చీకట్లో ఆ వెదుళ్లు తగిలేదాకా కనబడవు.

అందుకే వెలుగుండగానే పని ముగించాలి. అనుకున్న చోటు చుట్టూ పడవతో ఒక రౌండు వేసి, గెడతో లోతు చూసుకుంటూ, వల కట్టిన గుంజలు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తుపెట్టుకోండి. పడవ ఎటు తిరిగినా ఏదీ తగలని చోటు దొరికితే దాని నడిమధ్య లంగరు దించండి.

సీజన్ సంగతి కూడా చూసుకోవాలి. చలికాలంలో గాలి ఎక్కువగా ఉత్తరం, ఈశాన్యం నుంచి వస్తుంది. అప్పుడు దీవికి నైరుతి పక్కన ఆగితే దీవే అడ్డుగోడ. మార్చి దాటాక దక్షిణం, నైరుతి గాలులు గట్టిపడతాయి కాబట్టి ఉత్తరం పక్కకి మారాలి. పోయిన డిసెంబరులో ఫస్ట్‌క్లాస్‌గా ఉన్న చోటు ఏప్రిల్లో పనికిరాకపోవడానికి కారణం ఇదే. ఏప్రిల్, మే సాయంత్రాల్లో వాయవ్యాన నల్లగా కమ్మితే అది కాలబైశాఖి, అంటే ఎండాకాలంలో ఉన్నట్టుండి వచ్చే ఉరుముల గాలివాన. ఏ దీవి చాటూ నమ్మొద్దు, తిన్నగా జెట్టీకి వచ్చేయండి.

లంగరు జారుతోంది

మన దగ్గర చిన్న పడవలకి ఎక్కువగా ఇనుప చువ్వలు వంచి చేసిన నాలుగు కొక్కేల లంగరే ఉంటుంది. రాళ్లలో అది బాగా పడుతుంది. చిలికా అడుగున మెత్తటి బురద, దక్షిణం వైపు పైగా నాచు, గడ్డి. బురదలో కొక్కేలు దువ్వుకుంటూ పోతాయి. వెడల్పు రేకుల లంగరు, దానికి రెండు మూడు మీటర్ల గొలుసు ఉంటే సగం టెన్షన్ తగ్గుతుంది. గొలుసు బరువుకి లాగుడు అడ్డంగా పడి రేకులు బురదలోకి దిగుతాయి.

రెండో కారణం పొట్టి తాడు. లోతు 2 మీటర్లే కదా అని 5 మీటర్లు వదిలి ఊరుకుంటారు. లోతుకి పడవ ముక్కు ఎత్తు ఒక మీటరు కలిపితే 3. దానికి ఐదు రెట్లు, అంటే 15 మీటర్లు, కనీసం. గాలి ఉంటే ఏడు రెట్లు, 21 మీటర్లు.

పట్టిందో లేదో తేల్చుకోవడానికి ఇంజిన్ నెమ్మదిగా వెనక్కి నడిపి, నీటి పైనున్న తాడు మీద అరచెయ్యి ఆనించండి. పట్టిన తాడు బిగిసి అలాగే నిలుస్తుంది. జారుతుంటే చేతికి గరగరమని అదురు తెలుస్తుంది, మధ్యమధ్య ఒక జెర్కు వస్తుంది. అలా అయితే పైకి తీసి చూడండి. కొక్కేలకి నాచు ముద్దలా చుట్టుకుని ఉంటే అక్కడే మళ్లీ వెయ్యడం దండగ. ఖాళీ అడుగున్న చోటికి జరగాలి.

నీళ్లు కదలడం లేదు, అయినా నిద్ర లేదు

చెన్నై-హౌరా రైలు మార్గం, 16వ నంబరు జాతీయ రహదారి రెండూ పడమటి గట్టు వెంబడే పోతాయి. రాత్రి గాలి అటు నుంచే కాబట్టి ప్రతి హారన్ నీటి మీదుగా మీ చెవిలోకే. జెట్టీ లైట్లకి దూరంగా, గట్టుకీ మీకూ మధ్య ఒక దీవి ఉండేలా చూసుకోండి. తెల్లవారుజామున మొదలయ్యే మోటారు పడవల చప్పుడికి మాత్రం మందు లేదు. వాళ్లు వలలకి వెళ్లే దారిలో ఆగకుండా ఉండటమే. దారి ఎటో రంభ జెట్టీలో అడిగితే తెలుగులోనే చెప్పేవాళ్లు దొరుకుతారు. మీరు వెళ్లే సీజన్లో రాత్రి ఆగడానికి అటవీశాఖ వాళ్ల అనుమతి సంగతీ అక్కడే కనుక్కోండి. రాత్రంతా ఒక తెల్ల దీపం పైన వెలుగుతూ ఉండాలి.

మాస్క్ పెట్టుకుంటే గోధుమరంగు తప్ప ఏమీ కనబడదు

వానాకాలంలో నదులు తెచ్చే ఒండ్రంతా ముందు ఉత్తర భాగంలో పడుతుంది. దక్షిణాన రంభ వైపు నీళ్లు తేరుకుంటాయి. హనీమూన్ దీవి అని పిలిచే బర్కుడా దగ్గర అడుగున ఎర్ర, ఆకుపచ్చ నాచులు కనిపించేంత తేటగా ఉంటాయి. పగడపు దిబ్బలు ఆశించి వస్తే నిరాశే. చలికాలం ఉదయం, గాలి లేవకముందే దిగండి. నిలబడితే మీ కాళ్లే బురద లేపుతాయి, తేలుతూనే చూడాలి. గుంజలకి పట్టిన గుల్లలు బ్లేడులా కోస్తాయి. వలల దగ్గరికి అసలు పోవద్దు.

కుక్క రాత్రంతా అరుస్తోంది, పొద్దున వాంతులు

అరుపుకి కారణం చాలాసార్లు ఉచ్చకి దిగాలని. ఇంట్లో వాడే గోనెపట్టానో కృత్రిమ గడ్డి ముక్కనో తెచ్చి పడవ మీద పరిచి, ముందు ఇంటి దగ్గరే అలవాటు చెయ్యండి. వాంతులకి కారణం ఉప్పునీళ్లు తాగడం కావచ్చు, దానికి మంచినీళ్లు వేరే గిన్నెలో ఎప్పుడూ అందుబాటులో ఉంచండి. వలల్లోంచి పారేసిన చేపల్లో పొట్ట ఉబ్బించుకునే రకం విషం, కొరకనివ్వద్దు.

దీవి మీద దింపుదాం అనుకుంటారు. నలబణలో వద్దే వద్దు, 1987 నుంచి అది పక్షుల అభయారణ్యం. బర్కుడాలో కాళ్లు లేని ఒక అరుదైన బల్లి జాతి ఉంది, తవ్వే కుక్కకి అది చోటు కాదు. పడవ ఎక్కేముందూ దిగాకా గట్టు మీద బాగా నడిపించడమే దారి.

చిలికా వద్దు, సముద్రంలోనే ఆగితే?

గోపాలపూర్ తీరం అంతా ఆరుబయలు, చిన్న పడవకి చాటు లేదు. బాహుదా, రుషికుల్య నదులు సముద్రంలో కలిసే మొగల్లో ఇసుక మేటలు జరుగుతూ ఉంటాయి, పాటు సమయంలో (నీళ్లు వెనక్కి తీసేటప్పుడు) ఎదురు అల లేస్తే పడవ తిరగబడుతుంది. పైగా రుషికుల్య మొగ దగ్గర సాధారణంగా ఫిబ్రవరి, మార్చిల్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుంపులుగా గుడ్లు పెడతాయి. ఆ నెలల్లో అక్కడికి లైట్లూ కుక్కా తీసుకెళ్లకండి.